నిద్రలోనే 361

పొద్దున అయిదున్నరకి లేచి చేతికున్న స్మార్ట్ వాచీ చూసుకుంటే అప్పటికే 361 క్యాలరీలు ఖర్చయినట్టు చూపిస్తోంది. ఇంకా మంచం దిగలేదు, మొహం కడగలేదు. మా ఆవిడ తొంగి చూసి "పాపం, రాత్రంతా బాగా కష్టపడ్డట్టున్నారు" అంది.

ఎండెక్కకముందే ప్రకాశం బ్యారేజీకి బయల్దేరాను. బ్యారేజీ పొడవు 1.2 కిలోమీటర్లు కాబట్టి సీతానగరం వైపుకి రెండుసార్లు వెళ్లి వస్తే అయిదు కిలోమీటర్లకి కాస్త తక్కువ, నాకు గంట పడుతుంది. మే నెల ఉక్కపోత, కృష్ణ మీద నుంచి గాలన్నదే లేదు. గుండె వేగం 128 చూపించింది, ఇదే నడకకి డిసెంబరులో 110 దాటేది కాదు. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే గుండె చర్మం వైపుకి ఎక్కువ రక్తం తోయాలి, అందుకే ఆ పరుగు. వాచీ అడుగునున్న పచ్చ లైటుకి ఇదంతా ఏం తెలుసు, మనిషి గట్టిగా నడిచేస్తున్నాడనుకుని గంటకి 390 వేసేసింది.

ఇంటికొచ్చి పెసరట్టు ఉప్మా తింటూ కాగితం మీద లెక్కేశాను. ఊరికే కూర్చున్నా కేజీకి గంటకి సుమారు ఒక క్యాలరీ అవుతుంది, నా వేగంతో నడిస్తే దానికి మూడున్నర రెట్లు. నేను 78 కేజీలు, అంటే 273. అందులో 78 నేను ఇంట్లో పేపరు చదువుకుంటున్నా ఖర్చయ్యేవే, రోజు లెక్కలో ముందే పడిపోయాయి కూడా. అంటే నడిచినందుకు అదనంగా మిగిలింది 195. నా ఫోన్లో ఆప్ మాత్రం 390కి 390 తిండి ఖాతాలో జమచేసి ఇంకా తినొచ్చంటోంది. ఇన్నాళ్లూ రెండో పెసరట్టు దాని మాట మీదే తిన్నాను!

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు రకాల వాచీల్ని పరీక్షించారు. గుండె వేగం ఆరింటిలో 5 శాతం లోపు తేడాతో సరిపోయింది. క్యాలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం.

సరే, ఆ 361 సంగతేంటి? ఊరికే పడున్నా రోజుకి ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయో అంచనా వెయ్యడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్ సెయింట్ జోర్ అనే సూత్రం ఒకటుంది, చాలా ఆప్‌లు అదే వాడతాయి. కేజీల్లో బరువుకి పదింతలు, సెంటీమీటర్లలో ఎత్తుకి 6.25 ఇంతలు కలిపి, వయసుకి అయిదింతలు తీసేసి, మగవాళ్లకి 5 కలుపుతారు, ఆడవాళ్లకైతే 161 తీసేస్తారు. నా ఎత్తు 170, వయసు 42. ఏ పనీ చెయ్యకుండా రోజుకి 1637 వచ్చింది, అర్ధరాత్రి నుంచి నేను లేచేదాకా అయిదున్నర గంటలకి 375. మరి 14 ఎక్కడ తగ్గాయని సెట్టింగుల్లోకి వెళ్తే బయటపడింది, వాచీ కొన్నరోజు సిగ్గుపడి బరువు 72 అని పెట్టాను. ఆ అంకె వేస్తే లెక్క అచ్చంగా 361కి తగిలింది.

బరువు నిజం చెప్పాక రోజుకి 60 క్యాలరీలు పెరిగాయి. లావైనందుకు బోనసన్నమాట.

ఇప్పుడు రాత్రి పదకొండున్నర. వాచీ విప్పి చార్జింగుకి పెట్టి ఇది రాస్తున్నాను. దానికి నా చెయ్యి తగలడం లేదు, అయినా ఫోన్లో క్యాలరీలు నిమిషానికొకటి చొప్పున పెరుగుతూనే ఉన్నాయి.