ఆగకు, ఆగకు: మా పర్తమా కొండ యాత్ర

ఒడిశా కంధమాల్ జిల్లాలో మరియమాత కొలువున్న పర్తమా కొండ నుంచి తిరిగొచ్చి ఇవాళ్టికి నాలుగో రోజు. అరికాళ్ల బొబ్బలు ఇంకా మానలేదు. అవి మానేలోపే రాసేయాలని కూర్చున్నాను. మానాక రాస్తే అంతా భక్తిగానే వస్తుంది, బాధ కనబడదు.

మొక్కు సంగతి ముందు చెప్పాలి. రెండేళ్ల కిందట మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట రాలేదు. మనం చెప్పేది అర్థమవుతుంది. ఏదో చెప్పాలని నోరు తెరుస్తారు, మాట దొరకదు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మంచినీళ్లు కావాలన్నా సైగే. అలాంటి మనిషి, ఓ సాయంత్రం నేను జపమాల పట్టుకుని "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని ఎత్తుకోగానే నాతో పాటు ఆమెన్ దాకా తడబడకుండా చెప్పేశారు! జపమాల అక్కడే పడేసి, అద్భుతం జరిగిందని వీధిలోకి పరుగెత్తాను. పక్కింటివాళ్లను వెంటబెట్టుకొచ్చి "నీళ్లు అనండి, ఒక్కసారి అనండి" అన్నాను. మళ్లీ మౌనమే.

డాక్టరుగారికి చెబితే ఆశ్చర్యపోలేదు. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలినవాళ్లలో ఇలా జరుగుతుందట. సొంతంగా మాట కూర్చుకునే శక్తి పోయినా, చిన్నప్పట్నుంచి నోటికి వచ్చిన పాటలు, జపాలు, ఒకటి రెండు మూడు అంకెలు మిగిలిపోవచ్చట. "అది మాట్లాడటం కాదమ్మా, అప్పజెప్పడం" అన్నారు. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడన్నది అప్పుడు తెలియలేదు.

ఆయన నోట సొంతంగా ఒక్క మాట వస్తే మార్చి 5 పండగకి ఇద్దరం చెప్పుల్లేకుండా పర్తమా కొండ ఎక్కుతామని మొక్కుకున్నాను. మొన్న జనవరిలో ఓ మధ్యాహ్నం చారన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి "ఉప్పు" అన్నారు. వేయడం మరిచిపోయాను. ముప్పై అయిదేళ్ల కాపురంలో నా వంటకి పెట్టిన వంక ఏదీ నన్నంత ఏడిపించలేదు.

మాది బరంపురం. ఇంటి దగ్గర మినపప్పడాలు ఒత్తి అమ్ముతాను. గుడిలో పూజ ఒడియాలో, ఇంట్లో జపం తెలుగులో. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన మా అమ్మ నేర్పిన జపాలే ఇప్పటికీ. జపమాలలో ఆ మరియమ్మ జపమే యాభై మూడుసార్లు వస్తుంది, మంగళవార్త జపం అంటాం. ఆ యాభై మూడూ పన్నెండు నిమిషాల్లో ముగించగలనని నాకు లోపల్లోపల కాస్త గొప్ప కూడా ఉండేది.

పండగ ముందురోజు వ్యానులో బయల్దేరాం. పదకొండుమందికి సరిపడే బండిలో పద్దెనిమిదిమంది, పైన గంజి గిన్నెలు, దుప్పట్లు. సురడా దగ్గర టీకి ఆగాం. 1922 నుంచి స్పెయిన్ దేశపు విన్సెంట్ సభ గురువులు ఈ పల్లెలన్నీ తిరిగారని మా మామగారు చెబుతుండేవారు. ఘాట్ మొదలయ్యాక ఇప్పపూల వాసన, ఆ తర్వాత చలి. దారింగిబాడిలో రాత్రి పడుకున్నామని చెప్పను, తెల్లవార్లూ ఒకరి మీద ఒకరు ఒరిగాం.

పొద్దున కొండ కిందికి చేరేసరికి జనం మా ఊరి ఠాకురాణి యాత్రకు తీసిపోలేదు. తప్పుగా అనుకోవద్దు, అమ్మ దగ్గరికి అందరూ రావలసినవాళ్లే. కానీ మైకు నాలుగు వైపులా నాలుగు పాటలు పాడితే జపం ఎలా సాగుతుంది? ఆడవాళ్లకి మరుగు సరిగా లేదు. వెనకనుంచి ఎవరో నా కాలు తొక్కి, నన్నే చూసుకుని నడవమన్నారు. జపమాలలో మూడో దుఃఖ రహస్యం, అంటే ప్రభువుకి ముళ్లకిరీటం పెట్టిన ఘట్టం, దాని మధ్యలో నా నోట వచ్చిన మాట ఇక్కడ రాయను.

మా ఆయన్ని కిందే కూర్చోబెడదామనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు, కర్ర పట్టుకుని నాకంటే ముందు నడిచారు. సగం దూరం బాగానే ఎక్కారు. ఎండ ముదిరి రాళ్లు కాలడం మొదలయ్యాక కుడి కాలు ఈడవడం మొదలుపెట్టారు. కాసేపటికి దారి పక్కనే కూలబడిపోయారు. పైకి వెళ్లలేం, కిందికి దిగలేం. జనం మా చుట్టూ నీళ్లలా చీలి పోతున్నారు. నేను గట్టిగా జపం చెప్పడం మొదలుపెట్టాను. ఆయనా అందుకున్నారు. ఇద్దరం గడగడా చెబుతున్నాం, కళ్లనీళ్లు కారుతున్నాయి, ఒక్కరూ ఆగలేదు. ఎందుకు ఆగుతారు? చూసేవాళ్లకి అది గొప్ప భక్తిలాగే కనిపించి ఉంటుంది.

ఒక ముసలామె ఆగింది. కొంధ తెగ ఆడమనిషి, నుదుట పచ్చబొట్టు, నెత్తిన మూట. ఏమీ అడగలేదు. మూట దించి అందులోంచి నీళ్ల సీసా తీసి ఆయన తల తడిపింది. తన పైట చెంగు చించి నా కాళ్లకి కట్టింది. చెప్పుల్లేకుండా నడవాలన్న మొక్కు కదా అన్నాను. "గుడ్డ చెప్పు కాదుగా" అంది ఒడియాలో, చాలా మామూలుగా. తన చిన్నకొడుకుని కేకేస్తే అతను మా ఆయన్ని వీపున ఎక్కించుకున్నాడు.

మా వైపు ఒడియాలో అక్కని నానీ అంటాం. ఆమెను అలాగే పిలిచాను. నానీ నా పక్కన నడుస్తూ తనలో తాను కుయి భాషలో మాట్లాడుకుంటోంది. మధ్యలో నవ్వుతోంది, ఒకచోట విసుక్కున్నట్టు కూడా అనిపించింది. చేతిలో జపమాల లేదు. అది ఏ జపమని అడిగాను.

"జపం కాదు. ఇంటి సంగతులు చెబుతున్నాను ప్రభువుకి. కప్పు కారుతోందని, పెద్దోడు కేరళలో పనికి పోయాడని, ఈసారి పసుపుకి ధర రాలేదని."

"ఇవన్నీ ఆయనకి తెలియవా?"

"పెద్దోడు ఫోన్ చేస్తే అన్నం తిన్నాడని నాకు తెలియదా? అయినా అడుగుతాను. వాడు చెబుతాడు. వాడు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

ఈ అలవాటు ఎప్పట్నుంచని అడిగాను. 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల ఇళ్లు తగలబెట్టినప్పుడు పిల్లల్ని లాక్కుని అడవిలోకి పరుగెత్తిందట. జపమాల ఇంట్లోనే కాలిపోయింది, పుస్తకం లేదు, పూజ చెప్పే ఫాదర్ లేరు. గొంతు పైకి రాకూడదు. అప్పుడు చెవిలో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టిందట. తర్వాత శిబిరం నుంచి ఊరొచ్చాక జపమాల మళ్లీ దొరికింది, ఈ మాటలూ మానలేదు. ఆ రోజుల గురించి అంతకంటే ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. డాక్టరుగారి మాట ఎక్కడ గుచ్చుకుందో అప్పుడు తెలిసింది. మా ఆయనకి రెండేళ్లుగా సొంత మాట లేదు. నాకు దేవుడి దగ్గర యాభై ఎనిమిదేళ్లుగా లేదు.

పైన వరస ఇంకా గంటన్నర. వాలంటీర్లు కర్రలు అడ్డం పెట్టి "ఆగకు, ఆగకు" అని అరుస్తున్నారు. ఒడియాలో ఆ మాటకి ముందుకు నడవమని అర్థం. తెలుగు చెవికి నిలబడొద్దని వినిపిస్తుంది. రెండు భాషల్లోనూ నన్ను తరుముతున్నట్టే ఉంది. అమ్మ ముందు చెప్పుకోవలసినవి కాగితం మీద రాసుకుని మరీ తెచ్చుకున్నాను. ముందు కృతజ్ఞత, తర్వాత చిన్నమ్మాయి పెళ్లి, ఇంటి అప్పు, మా తోడికోడలి మోకాళ్లు.

అమ్మ కనబడింది. బంతిదండల్లో మొహం సగం మునిగిపోయింది. కొవ్వొత్తుల పొగలోంచి జోడించిన చేతులు, వాటి పైన గడ్డం, కాస్త వంచిన తల. నేను చెప్పేది సరిగా వినబడక వంగినట్టు. కాగితం చేతిలోనే ఉంది. నా నోటమ్మట వచ్చింది వేరే.

"అలిసిపోయానే అమ్మా."

రెండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట. మా అమ్మాయిలకి చెప్పలేదు, పాపసంకీర్తనంలో ఫాదర్‌కి చెప్పలేదు. మొగుడికి సేవ చేస్తూ అలిసిపోయానని చెప్పుకునే జపం మా అమ్మ నాకు నేర్పలేదు. పైగా అంత గౌరవంగా మీరు మీరు అని పిలిచే మరియమాతని మా పెరట్లో అమ్మతో అన్నట్టు "అలిసిపోయానే" అన్నాను. సిగ్గుపడేలోపే "ఆగకు" అంటూ ఎవరో వీపు మీద చెయ్యేసి నెట్టారు. మూడు సెకన్లు, మహా అయితే నాలుగు.

పూజలో ఫాదర్ సువార్తలోని గుడ్డి బర్తిమయి గురించి చెప్పారు. గుడ్డివాడని కనబడుతూనే ఉంది, అయినా నేను నీకేం చేయాలని ప్రభువు అడిగారు. వాడి నోటితో వాడే చెప్పాలి. అరవొద్దని వాడిని గదిమింది చుట్టూ ఉన్న జనమేనట. జనం గురించి నాకు ఫాదర్ చెప్పక్కర్లేదు. నానీ కోసం వెతికాను, కనబడలేదు. ఆమె పేరు కూడా అడగలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు తెల్లవారుజామున పిండి దంచి, ఉండలు చేసుకుంటూ ప్రభువుతో మాట్లాడదామని మొదలుపెట్టాను. రెండు నిమిషాల్లో మాటలైపోయాయి. కొత్తగా పరిచయమైన మనిషి ఎదురుగా కూర్చున్నట్టు ఇబ్బందిగా ఉంది. రెండో రోజు కాస్త సాగింది, కానీ మధ్యలో చూసుకుంటే మా తోడికోడలి మీద చాడీలు చెబుతున్నాను. ఆపలేదు, మొత్తం చెప్పేశాను. చెప్పడం అయ్యాక ఆవిడకి ఫోన్ చేసి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగకుండా ఉండలేకపోయాను. నిన్న ఏమీ చెప్పలేదు. అప్పడాలు ఒత్తుకుంటూ కూర్చున్నాను, ప్రభువూ ఏమీ అనలేదు. ఇబ్బందిగా మాత్రం లేదు.

జపమాల మానలేదు. ఈయన గొంతు అంతసేపు వినాలంటే నాకు అదొక్కటే దారి. కాకపోతే ఇప్పుడు పాతిక నిమిషాలు పడుతోంది. మధ్యలో నేను ఆగిపోతే ఆయన నా వైపు చూస్తారు, నేను చెయ్యెత్తి ఉండమంటాను.

ఇవాళ చారులో ఉప్పు మరిచిపోకూడదని రెండుసార్లు వేసినట్టున్నాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు" అన్నారు. చాలాసేపు వెతుక్కున్నారు. పెదవులు కదులుతున్నాయి. "ఎక్కువ."

విన్నావా, అన్నాను పైకి చూసి.