జౌస్టింగ్ కవచం: బరువంతా ఎడమ పక్కనే

కోనసీమలో కాలేజీ నాటకాలకి యూరప్ వీరుడి వేషం కట్టేవాళ్ళు కవచాన్ని రెండు భుజాలూ ఒక్కలా ఉండేట్టు కొట్టిస్తారు. యుద్ధం సీనుకైతే అది చెల్లుతుంది. గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి బల్లేలతో పొడుచుకునే పోటీ, జౌస్టింగ్‌కి చెల్లదు.

15వ శతాబ్దంలో బరి మధ్యన పొడవునా అడ్డుకట్ట వచ్చాక ఎదుటివాడు ఎప్పుడూ ఎడమ వైపు నుంచే దాటేవాడు. బల్లేన్ని కుడి చంకలో ఇరికించి, గుర్రం మెడ మీదుగా ఏటవాలుగా ఎడమకి చాపేవారు. దెబ్బ తగిలేది ఎడమ భుజానికీ ఛాతీకీ కాబట్టి, అక్కడ కవచం మీద ఇంకో దళసరి రేకు బిగించేవారు. యుద్ధ కవచం 20–25 కిలోలుంటే, ఇది 40 దాటడం మామూలే.

నాటకాల కవచాల్లో ఎప్పుడూ కనపడనిది ఛాతీకి కుడి పక్కన ఉండే ఇనప కొక్కెం. బల్లెం మీద, చెయ్యి పట్టుకునే చోటుకి వెనక, ఒక కట్టు ఉంటుంది. దెబ్బ తగిలి బల్లెం వెనక్కి తన్నినప్పుడు ఆ కట్టు కొక్కేనికి ఆనుకుంటుంది. అదురు మణికట్టు మీద పడకుండా ఛాతీ రేకు మీదికి పోతుంది. కొక్కెం లేకపోతే ఆ అదురంతా చేతి మీదే పడుతుంది, బల్లెం వెనక్కి జారే ప్రమాదం ఎక్కువ.

కప్పనోరు ఆకారంలో ఉండే శిరస్త్రాణాన్ని ఛాతీ రేకుకే బిగిస్తారు, మెడ తిప్పడానికి వీల్లేదు. ముందుకి వంగితేనే కళ్ళ దగ్గరి సన్నటి సందులోంచి దారి కనిపిస్తుంది. దెబ్బ తగిలే క్షణంలో నిటారుగా లేస్తే ఆ సందు పైకి పోయి, విరిగిన బల్లెం పుల్లలు కంట్లో పడవు. ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ 1559లో ముఖం ముసుగులోంచి దూరిన బల్లెం ముక్క వల్లే పోయాడు.

బల్లెం 3.5 మీటర్ల పైనే. దాని కొసన మొన బదులు మూడు నాలుగు పళ్ళ కిరీటం ఉంటుంది. అది గుచ్చుకోదు, డాలు మీద జారకుండా పట్టు మాత్రం దొరుకుతుంది. మన దగ్గర చవగ్గా దొరికే సరుగుడు బాదు మాత్రం వాడొద్దు. బరువెక్కువ, పైగా ఎండితే నిలువునా చీలుతుంది. ఇప్పటి ప్రదర్శనల్లో చాలాచోట్ల మొదలు గట్టి చెక్కతో, కొస మెత్తటి బాల్సా చెక్కతో చేసి, విరిగిన కొసని మారుస్తుంటారు. వెదురు చీలికలు కత్తుల్లా ఉంటాయి, దాని జోలికీ పోవద్దు.

ఇనప రేకుతో చేయిస్తే, ఉప్పు గాలికి వారంలోనే తుప్పు మొదలవుతుంది. తొడిగిన రోజే చెమట తుడిచి, కుట్టుమిషను నూనె పల్చగా రాయండి. కొబ్బరినూనె వద్దు, నిలవుంటే జిగురు కడుతుంది. లోపలి తోలు పట్టీలకి ముందు బూజు పడుతుంది, వాటిని విడదీసి నీడలో ఆరబెట్టాలి.