నలభై నిమిషాలకే ఆగిపోయే ఛార్జింగ్

వరుసగా ఆరు రాత్రులు ఇదే తంతు. పడుకునే ముందు ఛార్జింగ్ గన్‌ను మా ఎలక్ట్రిక్ కారుకు తగిలించి, పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలగడం కళ్ళారా చూసి లోపలికి వచ్చేవాణ్ణి. తెల్లవారి చూస్తే 20 శాతం ఉన్న బ్యాటరీ 26 దగ్గరే ఆగి ఉండేది. గన్ తీసి మళ్ళీ పెడితే ఏ పేచీ లేకుండా ఛార్జింగ్ మొదలయ్యేది, ముప్పావు గంటకు మళ్ళీ ఆగేది. ఏడో రోజున కారును సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్ళాను. వారు తమ ఛార్జరుకు తగిలించి రెండు గంటల సేపు చూశారు. ఒక్కసారి కూడా ఆగలేదు. కంప్యూటరు పెట్టి చూసి, బ్యాటరీలో గాని మరెక్కడ గాని ఏ లోపమూ నమోదు కాలేదన్నారు. అప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. ఇప్పుడు ఆలోచిస్తే వారు తేల్చి చెప్పింది చాలా విలువైన విషయమే: కారు బాగుంది కాబట్టి తప్పు మా గోడలోనో, గోడకూ కారుకూ మధ్యనున్న తీగలోనో ఉండాలి. ఆ మాటను అలా అర్థం చేసుకోవడానికి నాకు మరో రెండు రోజులు పట్టింది.

ఇంట్లో మనం ఛార్జరు అని పిలిచే పెట్టె నిజానికి ఛార్జరు కాదు. గోడ నుంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చి ఎక్కించే అసలు ఛార్జరు కారు లోపలే ఉంటుంది. తీగ మధ్యలో వేలాడే పెట్టెలో ఉండేవి ఒక రిలే (కరెంటును కలిపే, తెంపే స్విచ్), కరెంటు దారి తప్పి బయటికి పారితే, అంటే లీకేజీ ఉంటే, కనిపెట్టే సర్క్యూటు, కారుతో మాట్లాడే చిన్న బోర్డు. చాలా వాటిలో ఎర్త్ ఉందో లేదో చూసే ఏర్పాటు కూడా ఉంటుంది. ఆ సంభాషణ జరిగేది కంట్రోల్ పైలట్ అనే సన్నని తీగ మీద. గన్ తగిలించక ముందు దాని మీద 12 వోల్టులు ఉంటాయి. కారుకు తగిలించగానే 9కి దిగుతాయి. కారు తాను సిద్ధమని చెప్పదలచినప్పుడు వాటిని 6కు దించుతుంది. అప్పుడే లోపలి రిలే టక్కుమని పడి కరెంటు పారడం మొదలవుతుంది. ఎన్ని ఆంపియర్ల వరకు తీసుకోవచ్చో పెట్టె ఇదే తీగ మీద, సెకనుకు 1000 సార్లు వచ్చే పల్సుల వెడల్పును బట్టి కారుకు తెలియజేస్తుంది. ఛార్జింగ్ సాగుతున్నంత సేపూ ఈ ఒప్పందం నిలబడి ఉండాలి. పెట్టెకు గాని కారుకు గాని ఏదైనా అనుమానం కలిగితే వెంటనే రద్దవుతుంది. కాబట్టి ఛార్జింగ్ ఆగిపోయిందంటే చాలా సందర్భాలలో ఏదో పాడైపోయిందని కాదు, ఇద్దరిలో ఒకరు కావాలని ఆపేశారని. ఎవరు ఆపారు, ఏం చూసి ఆపారు అన్నది మనం కనిపెట్టాలి.

దీనికి నాకు దొరికిన గట్టి ఆధారం ఎర్రర్ కోడ్ కాదు, ఆగిన సమయం. గన్ తగిలించిన కొద్ది సెకన్లలోనే ఆగిపోతే ఒప్పందమే కుదరలేదని అర్థం. ఎర్త్ లేకపోవడమో, గన్ లోపలికి పూర్తిగా దిగక లాక్ పడకపోవడమో, పిన్నుల మీద తడి ఉండడమో అప్పుడు చూడాలి. ఎంత సేపు పట్టినా ప్రతిసారీ ఒకే శాతం దగ్గర ఆగితే ముందుగా సెట్టింగులలోని ఛార్జింగ్ పరిమితిని చూడాలి. ప్రతిరోజూ గడియారంలో ఒకే సమయానికి ఆగితే టైమరును చూసి, అది కాకపోతే ఆ వేళకు వోల్టేజీ ఎలా ఉంటోందో గమనించాలి. ఎప్పుడు మొదలుపెట్టినా, ఎంత శాతం దగ్గర మొదలుపెట్టినా, అరగంట నుంచి గంట లోపు ఆగిపోతే మాత్రం ఎక్కడో వేడెక్కుతోందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. నాది ఈ చివరి బాపతు. మధ్యాహ్నం పెట్టి చూశాను, 60 శాతం దగ్గర పెట్టి చూశాను. ప్రతిసారీ 40 నుంచి 50 నిమిషాల మధ్యనే ఆగింది.

సెట్టింగుల మాట వచ్చింది కనుక ఒక సిగ్గుపడే సంగతి కూడా చెప్పుకోవాలి. అసలు తప్పు దొరికి, మరమ్మతు అయిన మూడు వారాలకు కారు మళ్ళీ 80 దగ్గర ఆగిపోయింది. సాకెట్ విప్పించడానికి నేను దాదాపు ఫోను చేతిలోకి తీసుకున్నాను. తీరా చూస్తే మా అబ్బాయి, బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుందని ఎక్కడో చదివి, యాప్‌లో పరిమితిని 80కి మార్చి నాకు చెప్పడం మరిచిపోయాడు. వాడు చేసింది మంచి పనే. నేను ముందు చూడవలసినది చివర చూడబోయాను.

వేడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో ఛార్జ్ చేసుకునే వారికి ఎక్కువగా ఎదురయ్యేది ఇదేనని నా అభిప్రాయం. మా కారుకు 20 నుంచి 80 శాతం వరకు ఎక్కాలంటే సుమారు 24 యూనిట్లు కావాలి. 15 ఆంపియర్ల మీద 230 వోల్టుల దగ్గర వచ్చేది 3.45 కిలోవాట్లు, అందులో కొంత నష్టం పోగా, పని పూర్తి కావడానికి ఎనిమిది గంటలకు దగ్గరగా పడుతుంది. అదే సాకెట్ మీద ఇదివరకు ఏళ్ళ తరబడి గీజరు నడిచింది, ఏ ఇబ్బందీ రాలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు నేను ఆ మాటే అన్నాను. ఆయన నవ్వి, "గీజరు ఇరవై నిమిషాలు తిరిగి ఆగిపోతుందండీ, ఈలోగా సాకెట్ చల్లారుతుంది. మీ కారు దానికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వడం లేదు" అన్నారు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఇంటి వైరింగులో ఎనిమిది గంటల పాటు ఆపకుండా పూర్తి కరెంటు లాగే వస్తువు కారు తప్ప మరొకటి అరుదు.

ఆయనను పిలవడానికి ముందు నేను చేసిన పరీక్ష ఒకటుంది. ఎవరైనా చేసుకోగలిగినది, ప్రమాదం లేనిది. కారు తెర మీద ఛార్జింగ్ కరెంటును 15 నుంచి 10 ఆంపియర్లకు తగ్గించి రాత్రంతా వదిలేశాను. తెల్లవార్లూ ఒక్కసారి కూడా ఆగలేదు. కరెంటు మూడింట రెండు వంతులకు తగ్గితే అతుకు దగ్గర పుట్టే వేడి సగం కన్నా తక్కువకు పడిపోతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది. ఎర్త్ లోపమో లీకేజీయో అయి ఉంటే 10 ఆంపియర్ల దగ్గర కూడా ఆగేదే. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు కొట్టుకుపోయాయి.

మరునాడు 15 ఆంపియర్ల మీద అరగంట నడిపి, చేతి వెనుక భాగంతో ప్లగ్గును తాకి చూశాను. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. నా చేయి అక్కడ రెండు క్షణాలు కూడా నిలవలేదు. పోర్టబుల్ ఛార్జర్లు చాలా వాటికి ప్లగ్గు లోపలే ఉష్ణోగ్రతను చూసే సెన్సరు ఉంటుంది. మా పెట్టె ఆ సెన్సరు మాట విని ఆపేస్తోంది. అంటే వారం రోజులుగా నేను తిట్టుకుంటున్న పెట్టె, ఇల్లు అంటుకోకుండా కాపాడుతోంది.

సాకెట్ విప్పడం నేను చేయలేదు, ఎవరూ సొంతంగా చేయవద్దు. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, టెస్టరుతో రెండుసార్లు చూసుకుని, ముందు పలకను ఊడదీశారు. ఫేజ్ రంధ్రం చుట్టూ తెల్లని ప్లాస్టిక్ మీద గోధుమ రంగు వలయం, లోపల ఎండు చేప లాంటి వాసన. టెర్మినల్ స్క్రూకు స్క్రూడ్రైవర్ ఆనించగానే దాదాపు ముప్పావు చుట్టు ఏ బిగువూ లేకుండా తిరిగింది. దాని కింది రాగి తీగ నల్లబడి ఉంది. అంగుళం మేర ఇన్సులేషన్ గట్టిపడి, వేలితో వంచగానే పెళుసుగా విరిగిపోయింది. రోజూ వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే రాగి వ్యాకోచించి, సంకోచించి, స్క్రూ పట్టు కొద్ది కొద్దిగా వదులవుతుంది. పట్టు వదిలిన కొద్దీ వేడి పెరుగుతుంది, వేడి పెరిగిన కొద్దీ పట్టు మరింత వదులవుతుంది.

ఆయన నల్లబడిన రాగిని కోసేసి, మంచి తీగ కనిపించే వరకు వెనక్కి వెళ్ళి, కొత్త సాకెట్ వేసి బిగించారు. మరమ్మతుకు ముందు, తరువాత మేము కొలిచిన అంకెలు నా డైరీలో ఉన్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు 234 వోల్టులు. ఛార్జింగ్ నడుస్తుండగా కారు తెర మీద కనిపించినది ముందు 228, తరువాత 229.5. ఒకటిన్నర వోల్టే కదా అనిపిస్తుంది. దాన్ని 15 ఆంపియర్లతో గుణిస్తే 22.5 వాట్లు. గోటి వెడల్పు ఉన్న చోట అంత వేడి అంటే, గోడలో ఒక సోల్డరింగ్ ఐరన్ వెలిగించి, దాని పక్కగదిలో నేను వారం రోజులు నిద్రపోయినట్టు లెక్క.

ఇక్కడ తొందరపడితే మళ్ళీ మొదటికి వస్తుంది. సాకెట్ మార్చి, వేడికి రంగు మారిన పాత ప్లగ్గునే అందులో పెడితే ఆ పిన్ను కొత్త సాకెట్‌ను కూడా పాడుచేస్తుంది. మా ప్లగ్గు ఫేజ్ పిన్ను మీద నీలిరంగు చాయ వచ్చి ఉంది. అది తీగతో కలిపి పోతపోసిన ప్లగ్గు కనుక విడిగా మార్చడానికి వీలు లేదు; మొత్తం ఛార్జరునే మార్పించుకున్నాను. అలాగే ఎక్స్‌టెన్షన్ బోర్డు జోలికి పోకపోవడం మంచిది. అందులో ప్రతి చేరికా వేడెక్కడానికి మరొక చోటు, పైగా సెన్సరు ఉన్న ప్లగ్గుకు గోడ సాకెట్ దగ్గరి వేడి తెలియదు.

ఎర్త్ లోపం వేరే రకం. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 ఉంటే, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. ఎక్కువ వస్తే ఎర్త్ తీగ ఎక్కడో తెగి గాలిలో వేలాడుతూ ఉండవచ్చు. జనరేటరు మీదో ఇన్వర్టరు మీదో మాత్రమే ఛార్జింగ్ మొరాయిస్తే, అక్కడ న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలపకపోవడం ఒక కారణం. ఛార్జింగ్ ఆగడంతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటును తెంపే స్విచ్) కూడా పడిపోతే అది లీకేజీ. వానలో తడిసిన గన్‌ను ఆరబెట్టి చూసి, అప్పటికీ పడితే కారును మళ్ళీ సర్వీసుకు తీసుకుపోక తప్పదు. ఎక్కువ కరెంటు పారితే తెంపే ఎంసీబీ స్విచ్ ఒక్కటే పడితే వేడి లేదా ఎక్కువ లోడు.

బయటి ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర ఈ లెక్కలు పనికిరావు. అక్కడ డీసీ నేరుగా బ్యాటరీకి వెళ్తుంది, కారులోని ఛార్జరుకు పని ఉండదు. 80 శాతం దాటాక వేగం బాగా తగ్గడం లోపం కాదు, చలికి బ్యాటరీ బిగుసుకుపోయినప్పుడు నెమ్మదించడమూ కాదు. సున్నా డిగ్రీల కింద గట్టిగా ఛార్జ్ చేస్తే సెల్ లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది కనుక కారే కళ్ళెం వేస్తుంది. ఒక ఛార్జరు దగ్గర ఆగి పక్కదాని దగ్గర ఆగకపోతే తప్పు కారుది కాదనుకుని ముందుకు సాగవచ్చు. అన్నిచోట్లా ఆగితే అది సర్వీసు వారి పని.

మా ఇంట్లో కారుకు మీటరు నుంచి విడిగా, మధ్యలో అతుకులు లేని లైను వేయడానికి ఎలక్ట్రీషియన్ వచ్చే నెల వస్తానన్నారు. అంత వరకు 10 ఆంపియర్ల మీదే నడుపుతున్నాను. ఎనిమిది గంటల పని పన్నెండు గంటలకు దగ్గర పడుతోంది, అందుచేత రాత్రి భోజనానికి ముందే తగిలిస్తున్నాను. మొదలుపెట్టిన అరగంటకు ఒకసారి వెళ్ళి చేతి వెనుక భాగంతో ప్లగ్గును తాకి వస్తున్నాను. ఈ వారమంతా అది గోరువెచ్చగానే ఉంది.