పేరు నమోదైంది, నాది మాత్రం కాలేదు

నా బైండింగ్ పనికి మొదట పెట్టిన పేరు మూడు నెలలే బతికింది. పాత పుస్తకాలకు కొత్త అట్టలు వేయడం, చేతికుట్టు నోటుపుస్తకాలు తయారుచేసి అమ్మడం నా వ్యాపారం. వ్యాపార సంస్థలను నమోదు చేసే కార్యాలయం నేను కోరిన పేరును ఆమోదించి ధ్రువపత్రం ఇవ్వడంతో ఇక అది నా సొత్తేనని నమ్మాను. బోర్డు రాయించాను, విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాను, రబ్బరు స్టాంపు చేయించాను, నోటుపుస్తకాల వెనక అట్టకు అంటించే చీటీలు కూడా తెప్పించుకున్నాను. ఇవన్నీ అయ్యాక ఒక న్యాయవాది దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. దాదాపు అలాగే పలికే పేరును స్టేషనరీ సరుకుల కోసం మరొక సంస్థ ఎన్నో ఏళ్ల కిందటే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుందనీ, నేను ఆ పేరు వాడటం మానుకోవాలనీ దాని సారాంశం. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. రాస్తే అవతలి వారెవరో తెలిసిపోతుంది. వారి తప్పేమీ లేదు. తప్పంతా నా అవగాహనలోనే ఉంది.

ఆ ఉత్తరం చదివాకే నాకు ఒక సంగతి బోధపడింది. ఒక పేరు మూడు వేర్వేరు పుస్తకాలకు ఎక్కుతుంది, ఒక పుస్తకంలో ఏముందో రెండో పుస్తకం సాధారణంగా చూడదు. మొదటిది వ్యాపార నమోదు. ఈ పేరుతో పన్ను కట్టేది, ఒప్పందాలపై సంతకం పెట్టేది ఫలానా మనిషి లేదా ఫలానా సంస్థ అని చెప్పడమే దాని పని. కొత్త పేరు వచ్చినప్పుడు ఆ కార్యాలయం ముఖ్యంగా చూసేది తన జాబితాలో అదే పేరు ఇంతకుముందే ఉందా లేదా అన్నదే. రెండోది ట్రేడ్‌మార్కు నమోదు. ఫలానా రకం సరుకు మీద, ఫలానా రకం సేవకు ఈ పేరును వాడుకునే హక్కు ఫలానా వారిదని చెప్పేది ఇదే. మూడోది ఇంటర్నెట్ చిరునామా, అంటే డొమైన్. అది కేవలం ముందు వచ్చిన వారికి ముందు దక్కే అద్దె గది లాంటిది. మొదటి ధ్రువపత్రాన్ని చేతిలో పట్టుకుని రెండో హక్కు కూడా నాకే వచ్చిందని అనుకోవడం, ఓటరు కార్డు చూపించి ఇంటి పట్టా నాదేననడం వంటిది. చాలా దేశాల చట్టాల్లో ఈ తేడా ఉంది. చిన్న వ్యాపారం మొదలుపెట్టేవారిలో ఎక్కువమందికి ఈ తేడా తెలియదు.

నమోదు చేయకపోతే ఏ హక్కూ ఉండదని కూడా అనుకోకూడదు. ట్రేడ్‌మార్కుల వంటి హక్కుల మీద దేశాల మధ్య 1883లో కుదిరిన పారిస్ ఒప్పందంలోని 8వ అధికరణం ప్రకారం వ్యాపార నామానికి నమోదు లేకపోయినా సభ్యదేశాలు రక్షణ కల్పించాలి. వాడుక వల్ల హక్కు పుడుతుందని ఒప్పుకునే న్యాయవ్యవస్థలు కొన్ని ఉన్నాయి, ముందుగా దరఖాస్తు పెట్టినవారికే పెద్దపీట వేసేవి కొన్ని ఉన్నాయి. మొదటి రకం దేశాల్లో ఒక చిక్కుంది. మనం వెతికిన ఏ రిజిస్టర్‌లోనూ కనిపించని మనిషి ఇరవై ఏళ్లుగా అదే పేరుతో దుకాణం నడుపుతూ ఉండవచ్చు, మనకంటే గట్టి హక్కు అతనికే ఉండవచ్చు. అందువల్ల రిజిస్టర్లు వెతకడంతో ఆగకుండా బజారును కూడా వెతకాలి.

రెండోసారి పేరు వెతుక్కునేటప్పుడు తొందరపడలేదు. మొదట వదులుకోవలసి వచ్చింది వర్ణన మీద మోజు. చేసే పని పేరులోనే కనిపించాలని కొత్తగా వ్యాపారం పెట్టేవారందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. 'చేతికుట్టు పుస్తకాలు' అని పెడితే వచ్చినవారికి వివరించే పని ఉండదు. కానీ ఆ పేరు మీద నాకు హక్కు ఇస్తే, చేత్తో పుస్తకాలు కుట్టే తక్కిన వారంతా తమ పనిని ఏమని చెప్పుకోవాలి? చట్టం అడిగే ప్రశ్న ఇదే. అమెరికాలోని ఒక అప్పీలు న్యాయస్థానం 1976లో ఇచ్చిన తీర్పు ఆధారంగా పేర్లను ఒక మెట్ల వరుసగా చూపిస్తారు. అన్నిటికంటే కింద సరుకు జాతి పేరు ఉంటుంది, దానికి రక్షణే లేదు. దాని పైన గుణాన్ని వర్ణించే పేరు, ఆ పైన గుణాన్ని సూచనగా మాత్రమే చెప్పే పేరు, ఆ పైన సరుకుతో సంబంధమే లేని మామూలు మాట, అన్నిటికంటే పైన ఎవరూ ఎన్నడూ వినని కల్పిత పదం. పైకి వెళ్లే కొద్దీ హక్కు బలపడుతుంది, కానీ కొనేవారికి పరిచయం చేయవలసిన శ్రమ కూడా పెరుగుతుంది. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడక్ అనే పేరును నమోదు చేసినప్పుడు ఆ మాటకు ఏ భాషలోనూ అర్థం లేదు. పొట్టిగా, గట్టిగా పలికే పదం కావాలని ఆయన దాన్ని కల్పించుకున్నాడు. అర్థం లేని మాటను లోకానికి అలవాటు చేయడానికి ఆయన ప్రకటనల మీద పెట్టినంత ఖర్చు నేను పెట్టలేను. ఒక జిగురు గిన్నె, ఒక సూది, ఒక కటింగ్ మిషను ఉన్నవాడికి మధ్య మెట్లే సరిపోతాయని నా అభిప్రాయం.

పై మెట్టు ఎక్కినంత మాత్రాన అక్కడే ఉంటామన్న భరోసా కూడా లేదు. ఎస్కలేటర్ ఒకప్పుడు ఒక కంపెనీకి చెందిన ట్రేడ్‌మార్కు. కదిలే మెట్లన్నిటినీ జనమే కాకుండా ఆ కంపెనీ కూడా ఆ మాటతోనే పిలవడం వల్ల 1950లో ఆ హక్కు రద్దయింది. చిన్న వ్యాపారికి ఆ ప్రమాదం వచ్చేంత పేరు రావడం కూడా ఒక అదృష్టమే అనుకోండి.

నా జాబితాలో మిగిలిన మాటలు మూడు: పుట, వెన్ను, దారం. మూడూ బైండింగ్ పనిలోంచి పుట్టినవే, మూడూ పొట్టివే, మూడూ తెలుగు చెవికి ఇంపుగా ఉన్నవే. మూడూ ఆంగ్ల లిపిలోకి వెళ్లేసరికి చతికిలబడ్డాయి.

'పుట' మీద నాకు చాలా మనసుండేది. దాన్ని నాలుగు ఆంగ్ల అక్షరాల్లో రాసి తెల్లకాగితం మీద పెట్టి చూసుకుంటే ఎంతో ముచ్చటగా కనిపించింది. ఆ కాగితం చూసిన ఒక మిత్రుడు, స్పానిష్ కాస్త తెలిసినవాడు, ముందు నవ్వాడు, తరువాత నవ్వు ఆపి నా ముఖం చూశాడు. ఆ నాలుగు అక్షరాలే స్పానిష్‌లో ఆడవాళ్లను తిట్టే పచ్చిబూతు. నోటుపుస్తకాలు ఇంటర్నెట్‌లో అమ్మదలచుకున్నవాడు కొన్ని కోట్లమంది మాట్లాడే భాషలో ఆ మాటను అట్ట మీద అచ్చు వేయించుకోలేడు. ఇంకొక భాషలో మన మాటకు ఏ అర్థం ఉందో చూడటానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు కేటాయించాలన్న ఆలోచన నాకు వచ్చి ఉండేది కాదు.

'వెన్ను' అంటే పుస్తకం కుట్టు ఉండే వైపు, పుస్తకం బలమంతా అక్కడే ఉంటుంది. అర్థం ప్రకారం ఇంతకంటే మంచి మాట దొరకదు. ఆంగ్ల అక్షరాల్లో రాసి తెలియని వారికి ఇ-మెయిల్ పంపితే మాత్రం, తిరుగు జవాబు 'వేణుగారికి నమస్కారం' అని మొదలైంది. ఇద్దరికి పంపాను, ఇద్దరూ వేణునే పలకరించారు.

'దారం' సంగతి మరింత విచిత్రం. పేరును ఫోనులో ఒక్కసారి మాత్రమే చెప్పి, అవతలివారు ఏం రాసుకున్నారో చూడాలని ఒక నియమం పెట్టుకున్నాను. అయిదుగురికి చెప్పాను. ఒకరు దకారానికి ఒత్తు పెట్టి ధర్మానికి దగ్గరగా రాసుకున్నారు, ఒకరు దీర్ఘానికి రెండు అక్షరాలు వాడారు, ఒకరు ఒకటే వాడారు, ఒకరు 'ద్వారం' అని విన్నారు, ఒకరు మాత్రం సరిగా రాశారు. తెలుగు మాటను వ్యాపారానికి పెట్టుకునేవారికి తప్పని ఇబ్బంది ఇది. తెలుగులో ఒకే విధంగా రాసే మాటకు ఆంగ్ల లిపిలో మూడు నాలుగు వర్ణక్రమాలు పుట్టుకొస్తాయి. వాటిలో మనం ఎంచుకున్నది ఒకటి, కొనేవారు వెతికేది ఇంకొకటి, ముందే నమోదైన పోటీదారుడిది మరొకటి అవుతుంది. ట్రేడ్‌మార్కు పరీక్షకులు అక్షరాలను మాత్రమే చూడరు, చెవికి ఎలా వినిపిస్తుందో, కంటికి ఎలా కనిపిస్తుందో, భావంలో ఎంత దగ్గరగా ఉందో చూస్తారు. నా మొదటి పేరు పోయింది అక్కడే. నా వర్ణక్రమంతోనే వెతికాను, ఏమీ దొరకలేదు, సంతోషించాను. వారిది ఒక్క అక్షరం తేడాతో అదే పలుకుబడి.

అందుచేత ఈసారి వెతుకులాట చెవితో చేశాను. ఒత్తు ఉన్నదీ లేనిదీ, దీర్ఘం ఉన్నదీ లేనిదీ, ఒకే మాటకు సాధ్యమైన వర్ణక్రమాలన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కదాన్ని ట్రేడ్‌మార్కుల రిజిస్టర్‌లో వెతికాను. చాలా దేశాల రిజిస్టర్లు అందరికీ ఉచితంగా తెరిచి ఉంటాయి. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ నడిపే బ్రాండ్ల డేటాబేస్‌లో అనేక దేశాల నమోదులను ఒకేచోట చూడవచ్చు. ఇక్కడ తరగతుల సంగతి తెలియాలి. 1957లో కుదిరిన నీస్ ఒప్పందం ప్రకారం లోకంలోని సరుకులూ సేవలూ 45 తరగతులుగా విభజించి ఉన్నాయి: 1 నుంచి 34 వరకు సరుకులు, 35 నుంచి 45 వరకు సేవలు. నా ఒక్కడి పని ఎన్ని తరగతుల్లో పడుతుందో చూసి ఆశ్చర్యపోయాను. నోటుపుస్తకాలు అమ్మితే 16వ తరగతి, ఇతరుల పుస్తకాలకు బైండింగ్ చేసి ఇస్తే 40వ తరగతి, వేరేవాళ్లు తయారుచేసిన స్టేషనరీని నా దుకాణంలో అమ్మితే 35వ తరగతి. దరఖాస్తు రుసుము చాలాచోట్ల తరగతిని బట్టి పెరుగుతుంది కాబట్టి అన్నిటికీ ఆశపడకూడదు. ఇప్పుడు చేస్తున్నదానికీ, త్వరలో తప్పకుండా చేయబోయేదానికీ అడిగితే చాలు. వాడకుండా వదిలేసిన తరగతిలో హక్కును కొన్నేళ్ల తరువాత ఇతరులు రద్దు చేయించే వీలుంది.

వేరే తరగతిలో ఉన్న పేరు మనకు అడ్డు కాదన్నది మామూలు సూత్రమే. అయితే దాన్ని మరీ గట్టిగా నమ్ముకోవడానికి లేదు. బీటిల్స్ సంగీత బృందం స్థాపించిన యాపిల్ కోర్, 1978లో యాపిల్ కంప్యూటర్ మీద దావా వేసింది. 1981లో ఇద్దరూ రాజీపడి ఎవరి రంగం వారిదని గీత గీసుకున్నారు. తరువాత కంప్యూటర్లు పాటలు పాడటం నేర్చుకున్నాయి. ఆ తగువు 2007 దాకా తెమలలేదు. ఇక లోకమంతటికీ తెలిసిన పేరైతే ఏ తరగతిలోనూ దాని జోలికి పోకపోవడమే మేలు.

దరఖాస్తు విషయంలో చెప్పవలసినవి మరికొన్ని ఉన్నాయి. పేరును మామూలు అక్షరాల్లో నమోదు చేస్తే రేపు పేరుతో వాడే బొమ్మ (లోగో) మార్చుకున్నా, రంగు మార్చుకున్నా హక్కు చెక్కుచెదరదు. బొమ్మతో కలిపి నమోదు చేస్తే ఆ రూపానికే ఎక్కువగా కట్టుబడి ఉండాలి. ఒక్కదానికే డబ్బు సరిపోతే అక్షరాలకే పెట్టమంటాను. దరఖాస్తు ఎవరి పేరున పెడుతున్నామో కూడా చూసుకోవాలి. ఇద్దరు కలిసి పెట్టిన వ్యాపారంలో పని మొదలుపెట్టిన ఉత్సాహంతో ఒకరి సొంత పేరున దరఖాస్తు పెట్టి, విడిపోయే రోజున పేరు ఎవరిదని కొట్టుకున్నవారిని చూశాను. వేరే దేశంలో కూడా అమ్మే ఉద్దేశం ఉంటే, మొదటి దరఖాస్తు పెట్టిన ఆరు నెలలలోపు అక్కడా దరఖాస్తు పెడితే పారిస్ ఒప్పందం కింద మొదటి తేదీయే అక్కడా చెల్లుతుంది. నమోదు పూర్తయ్యేదాకా పేరు పక్కన వలయంలో 'ఆర్' గుర్తు వేయకూడదు. నమోదు కాకుండా అది వేయడం చాలా దేశాల్లో నేరం. నమోదయ్యాక సాధారణంగా పదేళ్లు చెల్లుతుంది, రుసుము కడుతూ పోతే ఎన్ని పదేళ్లయినా పొడిగించుకోవచ్చు.

డొమైన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చుక్కకు ముందుండే భాగంలో 63 అక్షరాల దాకా చోటు ఉంటుంది, అంత పొడవు ఎవరికీ అక్కర్లేదు. నేను పాటించిన క్రమం మాత్రం చెబుతాను: ట్రేడ్‌మార్కు వెతుకులాట ముగిసిన పూటే డొమైన్ కొన్నాను, ఆ తరువాతే పేరును నలుగురికీ చెప్పాను, ఆ తరువాతే దరఖాస్తు నింపాను. బోర్డు రాసేవాడి దగ్గరకు వెళ్లడం అన్నిటికంటే చివరి పని. మొదటిసారి నేను మొదలుపెట్టింది అక్కడి నుంచే.

చివరికి కుదిరిన పేరు ఆ మూడింటిలో ఏదీ కాదు. బైండింగ్‌తో నేరుగా సంబంధం లేని ఒక మామూలు తెలుగు మాట. ఒత్తులు లేవు, దీర్ఘాలు లేవు, ఫోనులో చెబితే అయిదుగురిలో అయిదుగురూ ఒకేలా రాసుకున్నారు. రాస్తే ఇది ప్రకటన అయిపోతుందని దాన్ని కూడా రాయడం లేదు. పాత పేరుతో అచ్చయిన విజిటింగ్ కార్డులు మాత్రం పారేయలేదు. కార్డు కాగితం మంచి దళసరిది. పుస్తకం వెన్నుకు లోపల గట్టిదనం కోసం చిత్తు కాగితం అంటించడం బైండింగ్ పనివాళ్లకు పాత అలవాటే కాబట్టి, ఒక్కో కార్డును నిలువుగా కోసి, జిగురు రాసి, ఫారాలు కుట్టిన చోట అంటిస్తున్నాను. ఇంకో వంద కార్డులు ఉన్నాయి.