బేరం పుస్తకమా, డిజైన్ పుస్తకమా?

జీడిమెట్లలో మాది చిన్న యూనిట్. మేడ మీది ట్యాంకు నిండగానే మోటారును ఆపే కంట్రోలర్లు తయారు చేస్తాం. ఖమ్మం వైపు సరుకంతా ఒకే డీలరు ద్వారా వెళుతుంది. ఈ వేసవిలో ఆయన మార్జిన్ ఇంకో 5 శాతం పెంచమని పట్టుబట్టారు. పెంచితే మాకు మిగిలేది ఏమీ ఉండదు. కాదంటే ఆయన షాపులో మా పెట్టె ఉన్న చోట వేరే కంపెనీ పెట్టె ఉంటుంది. సరిగ్గా అప్పుడే కొత్త మోడల్‌కు డై, అంటే పెట్టె పోతపోసే అచ్చు, చేయించే పని కూడా నెత్తిన పడింది. బేరసారాల మీద పుస్తకం చదవాలా, డిజైన్ మీద చదవాలా అన్నది తేలలేదు. రెండూ కొనడానికి డబ్బు ఉంది కానీ చదవడానికి తీరిక లేదు. నేను పుస్తకం పట్టేది రాత్రి భోజనం అయ్యాకే, అదీ కళ్లు మూతపడేదాకానే.

ఆదివారం పాత పుస్తకాలు అమ్మే అబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్లి, కొనకుండా కాసేపు తిరగేశాను. బేరసారాల్లో అందరూ చెప్పే పుస్తకాలు రెండు. ఒకటి రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో వెలువరించిన ‘గెటింగ్ టు యెస్’. రెండోది 2016లో వచ్చిన క్రిస్ వాస్ పుస్తకం ‘నెవర్ స్ప్లిట్ ది డిఫరెన్స్’. ఎఫ్‌బీఐలో కిడ్నాపర్లతో మాట్లాడిన మనిషి కాబట్టి వాస్ పుస్తకం డిటెక్టివ్ నవలలా పరుగెత్తిస్తుంది. ఎదుటివాళ్ల చివరి రెండు మూడు మాటలను ప్రశ్నలా తిరిగి అనమంటాడు. ‘5 శాతమా?’ అని నేనంటే మా డీలరు ‘అవును, 5 శాతమే’ అని టీ చెప్పించే రకం. ఆ పుస్తకం అక్కడే పెట్టేశాను.

ఫిషర్ పుస్తకంలో క్యాంప్ డేవిడ్ ఉదంతం దగ్గర మాత్రం ఆగిపోయాను. 1967 యుద్ధంలో ఈజిప్టుకు చెందిన సినాయ్‌ని ఇజ్రాయెల్ ఆక్రమించుకుంది. 1978లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో రెండు దేశాలూ చర్చలకు కూర్చున్నప్పుడు పటం మీద సరిహద్దు గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు కాదన్నారు. నిజానికి ఈజిప్టు పట్టుదలంతా సార్వభౌమత్వం కోసం, ఇజ్రాయెల్ భయమంతా భద్రత గురించి. భూమి మొత్తం ఈజిప్టుకు తిరిగిచ్చి, అందులో చాలా భాగంలో సైన్యం లేకుండా చూసుకోవడంతో ముడి వీడింది. అడిగేది ఒకటి, అడిగించే అవసరం ఇంకొకటి అంటుంది పుస్తకం. మరి మా డీలరు చేత 5 శాతం అడిగిస్తున్నది ఏమిటి?

సాయంత్రం ఫోను చేసి అదే అడిగాను. ‘బాబూ, మీ పెట్టెలో ఎర్ర లైటు వెలిగిందని రోజూ ఎవరో ఒకరు ఫోను చేస్తారు. కుర్రాణ్ణి బండి మీద పంపుతాను. వాడు వెళ్లి చూస్తే సంపులో నీళ్లుండవు. ఆ పెట్రోలు ఎవరు పోస్తారు?’ అన్నారు ఆయన.

మా పెట్టె మీద రెండు ఎర్ర లైట్లు పక్కపక్కనే ఉంటాయి. ట్యాంకు నిండితే ఒకటి, సంపు ఖాళీ అయితే ఇంకొకటి. కింద చీమతలకాయంత ఇంగ్లిషు అక్షరాలు. ఇక పెట్టె బిగించేది మెట్ల కింద చీకట్లో. నిండినా ఎరుపే, ఎండినా ఎరుపే! పెద్దాయన అడుగుతున్నది లాభం కాదు, పెట్రోలు ఖర్చు. దాంతో ఏ పుస్తకం కొనాలన్నది తేలిపోయింది.

డిజైన్‌లోనూ ఎంచుకోవలసి వచ్చింది. మార్టీ కేగన్ ‘ఇన్‌స్పైర్డ్’ మంచిదే కానీ సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం రాసింది. వాళ్లు ఇవాళ చేసింది రేపు మార్చుకోగలరు, మేము డై చేయించాక మార్చాలంటే డబ్బంతా మళ్లీ పోయాలి. డాన్ నార్మన్ ‘ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్’ నాకు సరిపోయింది. 1988లో మొదట వచ్చినప్పుడు దాని పేరులో ‘డిజైన్’ బదులు ‘సైకాలజీ’ అని ఉండేది. పాత ప్రతి చవకగా దొరికినా తీసుకోవద్దు. 2013 కూర్పులో వ్యాపారంలో డిజైన్ ఎలా నలుగుతుందో చెప్పే అధ్యాయం అదనంగా ఉంది, మాలాంటివాళ్లకు పనికొచ్చేది అదే. నేను కొత్తదే కొన్నాను.

అందులో నాలుగు బర్నర్ల స్టవ్ చర్చ ఉంది. బర్నర్లు చతురస్రంగా ఉండి, నాబ్‌లు వరుసగా ఉంటే ఏది దేనిదో రాసి పెట్టాలి. నాబ్‌లను కూడా చతురస్రంగా అమరిస్తే రాయనక్కరలేదు. చదవగానే లేచి కాగితం తీశాను. పైన ట్యాంకు బొమ్మ, దాంట్లో ఆకుపచ్చ లైటు. కింద సంపు బొమ్మ, అది ఖాళీ అయితే మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు. రెండింటి మధ్య పైపు గీత. ఇంట్లో పైన ఉన్నది పెట్టె మీదా పైనే ఉంటుంది. కొత్త డై ఇలాగే చేయించాం. ఇప్పటికే బిగించిన పెట్టెల కోసం పెద్ద తెలుగు అక్షరాలతో స్టిక్కర్లు కొట్టించి డీలరుకు పంపాం.

ఎర్ర లైటు ఫోన్లు బాగా తగ్గాయట. ఆయన ఇప్పుడు 5 శాతం మాట ఎత్తడం లేదు, బాకీ కట్టే గడువు పెంచమంటున్నారు. దసరా తర్వాత కూర్చుందామన్నాను. ఈలోగా మళ్లీ అబిడ్స్‌కు వెళ్లి ఫిషర్ పుస్తకం పాత ప్రతి తెచ్చుకున్నాను. ఎదుటివాళ్లు మనకంటే బలవంతులైతే ఏం చేయాలో చెప్పే ఆరో అధ్యాయంలో ఉన్నాను. బేరం కుదరకపోతే మనకు ఉన్న మరో దారి ఏమిటో ముందే రాసి పెట్టుకోమంటోంది. ఖమ్మంలో ఇంకో ఇద్దరు డీలర్ల నంబర్లు రాసి పెట్టుకున్నాను. వాళ్లకు ఇంకా ఫోను చేయలేదు.