కొండదేశంలో వారం, ద్వీపంలో పది రోజులు

జైగావ్ పశ్చిమ బెంగాల్‌లో సరిహద్దు ఊరు. ఆటోలు, హారన్లు, రోడ్డు మీదికి పొంగుతున్న మురుగు, ఆ మధ్యలోనే పూరీలు వేయిస్తున్న బండ్లు. ఆ వీధి చివర రంగులు వేసిన పెద్ద ద్వారం ఉంది. అది దాటితే ఫుంట్‌షోలింగ్, అంటే భూటాన్. అటు అడుగు పెట్టగానే నా భార్య ఆగిపోయి, "చప్పుడే లేదు కదా" అంది. నిజమే. అవే బండ్లు, చాలావరకు అవే ముఖాలు, అదే గాలి. కానీ జీబ్రా గీతల మీద మేం కాలు పెట్టగానే వస్తున్న జీపు దానంతట అదే ఆగింది. ముప్పై నాలుగేళ్ళు జగిత్యాల జిల్లాలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పాను. పౌరుల విధుల గురించి బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అది రోడ్డు మీద నడుస్తుండగా చూడడం మాత్రం ఆ రోజే.

2024 నవంబరులో రెండు దేశాలు చూడాలని బయలుదేరాం. సింగపూర్‌లో మా అక్క కొడుకు ఉద్యోగం చేస్తున్నాడు, ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్నాడు. పారో నుంచి సింగపూర్‌కి భూటాన్ వాళ్ళ విమానం ఉందని తెలిసి రెండూ కలిపేశాం. భూటాన్ విస్తీర్ణం 38 వేల చదరపు కిలోమీటర్లకు పైనే, కానీ జనాభా ఎనిమిది లక్షల లోపు. మా ఒక్క జిల్లాలోనే అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. సింగపూర్ మొత్తం కలిపినా 735 చదరపు కిలోమీటర్లు, జనం అరవై లక్షలు. భూటాన్‌లో యాభై సింగపూర్లు పడతాయి.

మన వాళ్ళకు భూటాన్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు, పర్మిట్ చాలు. అయితే మనిషికి రాత్రికి 1,200 రూపాయలు రుసుము కట్టాలి. మిగతా దేశాల వాళ్ళకు వంద డాలర్లు. మొదట అది నాకు ఎక్కువనిపించింది. తింఫూ దారిలో నాలుగు గంటలు ఒక్క ప్లాస్టిక్ సంచీ కూడా కనిపించకపోయేసరికి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. దేశంలో కనీసం అరవై శాతం అడవి ఎప్పటికీ ఉండాలని వాళ్ళ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఇప్పుడు సుమారు డెబ్బై శాతం ఉంది. ఆ అడవుల మధ్య నుంచి దూకే నదులే వాళ్ళ ఆదాయం. చుఖా దగ్గర బండి ఆపి డ్రైవర్ కిందికి చూపించాడు. భారత్ సాయంతో కట్టిన 336 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం అది. అక్కడి కరెంటు మనకే అమ్ముతారు. ఆ డబ్బుతోనే బడి, ఆస్పత్రి నడుస్తాయని అతను తన సొంత పొలం లెక్క చెప్పినట్టు చెప్పాడు.

ఆస్పత్రి సంగతి మరుసటి రోజే చూశాను. డ్రైవర్ వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పి. తింఫూలో పెద్దాస్పత్రికి తీసుకెళ్తూ, "సర్, అరగంట పడుతుంది, ఏమనుకోవద్దు" అన్నాడు. నేనూ వెంట వెళ్ళాను. చీటీ రాసే చోట డబ్బు ఊసే లేదు. ప్రాథమిక వైద్యం ఉచితంగా ఇవ్వాలని రాజ్యాంగం చెబుతోంది, అదీ ఇంగ్లీషు వైద్యం, వాళ్ళ సంప్రదాయ వైద్యం రెండూ. అక్కడ నయం చేయలేని జబ్బయితే ప్రభుత్వ ఖర్చుతోనే కోల్‌కతాకో వేలూరుకో పంపుతారు. అయితే అరగంట అన్నది మూడు గంటలైంది. డాక్టర్లు తక్కువ. వరండాలో కూర్చున్న ముసలివాళ్ళెవరూ విసుక్కోలేదు, జపమాల తిప్పుకుంటూ కూర్చున్నారు. మా మండల కేంద్రంలో రోగులు ఒకరినొకరు తోసుకునే దృశ్యం గుర్తొచ్చి, తేడా డబ్బుదా అలవాటుదా అని చాలాసేపు ఆలోచించాను. వాళ్ళ తలసరి ఆదాయం ఏడాదికి నాలుగు వేల డాలర్లకు అటూ ఇటూ, మనకన్నా కొంచెం ఎక్కువ. మరీ అందనంత దూరమేమీ కాదు.

పరిపాలన గురించి నేను అడుగుతూనే ఉన్నాను, డ్రైవర్ చెబుతూనే ఉన్నాడు. రాజు తనకు తానే అధికారం తగ్గించుకోవడం ఎక్కడైనా విన్నామా? నాలుగో రాజు 2006లో కొడుక్కి సింహాసనం అప్పగించి తప్పుకున్నారు. 2008లో మొదటి పార్లమెంటు ఎన్నికలు, అదే ఏడాది రాజ్యాంగం వచ్చాయి. అరవై అయిదేళ్ళు నిండితే రాజు కూడా పదవి దిగాలన్న నియమం అందులో ఉంది. మొదటి విడతలో ఎన్ని పార్టీలైనా నిలబడవచ్చు, ఎక్కువ ఓట్లొచ్చిన రెండే రెండో విడతకు మిగులుతాయి. ఎంపీగా పోటీ చేయాలంటే డిగ్రీ ఉండాలి. గ్రామాల సమూహాన్ని గెవోగ్ అంటారు, దాని పెద్ద గుప్. గుప్ ఎన్నికల్లో పార్టీ జెండా ఉండకూడదు. మన పంచాయతీ ఎన్నికలకూ కాగితం మీద అదే నియమం. అక్కడ ఊళ్ళో నిజంగానే జెండాలు కనిపించవట. నేను మాత్రం ఎన్నికలప్పుడు వెళ్ళలేదు, అతని మాటే చెబుతున్నాను.

తింఫూలో ట్రాఫిక్ సిగ్నళ్ళు లేవు. ఒకప్పుడు ఒకటి పెట్టి, జనానికి నచ్చక తీసేశారట. నాలుగు రోడ్ల కూడలిలో బొమ్మలు గీసిన చిన్న మండపం, అందులో తెల్ల చేతితొడుగులతో ఒక పోలీసు. ఆయన చేతులు తిప్పే తీరు నాట్యంలా ఉంటుంది. నా భార్య అక్కడే ఇరవై నిమిషాలు నిలబడింది. భోజనానికి ఎమా దత్షి, అంటే చీజులో ఉడికించిన మిరపకాయల కూర. మిరపకాయను కారానికి కాక కూరగాయగా తినే దేశం మా ఇద్దరికీ వెంటనే నచ్చింది.

అంతా బాగుందని రాసేసి ఊరుకోలేను. అయిదో రోజు సాయంత్రం డ్రైవర్ ఫోన్లో చెల్లెలి ఫొటో చూపించాడు. ఆస్ట్రేలియాలో పెర్త్‌లో ఉంటుందట. ఇక్కడ టీచరు, అక్కడ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళను చూసుకుంటోంది. టీచరు అనగానే నాకు కలుక్కుమంది. 2019లో భూటాన్ ప్రభుత్వం టీచర్ల జీతాలు బాగా పెంచింది. సివిల్ ఉద్యోగులందరిలో వాళ్ళకే ఎక్కువ ఇవ్వాలని నిర్ణయించింది. ఆ వార్త చదివి అప్పట్లో స్టాఫ్ రూమ్‌లో అందరికీ వినిపించాను. అయినా టీచర్లు వెళ్ళిపోతున్నారు, నర్సులు వెళ్ళిపోతున్నారు. 2022లో అక్కడి యువతలో నాలుగింట ఒకరికి పైగా నిరుద్యోగులు. చదువు ఇచ్చారు, ఆరోగ్యం ఇచ్చారు, చదివిన పిల్లకు తగ్గ పని మాత్రం ఇవ్వలేకపోయారు. తానూ ఇంగ్లీషు పరీక్ష రాయబోతున్నానని అతను తల దించుకుని చెప్పాడు. గెలెఫులో రాజుగారు కొత్త నగరం కట్టిస్తున్నారు కదా, ఇక్కడే పని దొరుకుతుందేమో అన్నాను. "అది కట్టేసరికి నాకు నలభై వస్తాయి సర్" అన్నాడు.

ఇంకో విషయం అక్కడివాళ్ళు మెల్లగా మాత్రమే మాట్లాడతారు. 1990 ప్రాంతంలో దక్షిణాది నుంచి నేపాలీ మాట్లాడే లక్షమంది దాకా దేశం విడిచి నేపాల్ శిబిరాలకు చేరాల్సి వచ్చింది. పౌరసత్వ చట్టం, దుస్తుల నియమం పేరుతో వాళ్ళను పరాయివాళ్ళను చేశారు. తర్వాత వాళ్ళలో చాలామంది అమెరికాకూ ఇతర దేశాలకూ వెళ్ళి స్థిరపడ్డారు. స్థూల జాతీయ ఆనందం అంటూ ప్రజల ఆనందాన్ని కొలిచే దేశంలో ఆ లక్షమంది ఆనందం ఏ లెక్కలో పడలేదు. ఎంత గౌరవం ఉన్నా, ఇది చెప్పకుండా భూటాన్ గురించి రాయడం నాకు చేతకాదు.

సింగపూర్‌లో దిగిన రోజు వాన. పుంగోల్ అనే చోట మా మేనల్లుడు అద్దెకుండే ఫ్లాట్ పదమూడో అంతస్తులో. ఆ కాంపౌండు ప్రభుత్వం కట్టినదని మొదట నమ్మలేదు. ప్రభుత్వ ఇళ్ళంటే నాకు తెలిసినవి కారుతున్న స్లాబులు, లబ్ధిదారుల జాబితాలో గొడవలు. ఇక్కడ దేశ పౌరుల్లో, శాశ్వత నివాసుల్లో దాదాపు ఎనభై శాతం ఈ ఫ్లాట్లలోనే ఉంటారు. 1960లో గృహనిర్మాణ సంస్థ పెట్టినప్పుడు జనం మురికివాడల్లో ఉండేవాళ్ళు. అద్దెకివ్వడంతో ఆగకుండా 99 ఏళ్ళ లీజు మీద అమ్మారు. జీతంలో ఉద్యోగి 20 శాతం, యజమాని 17 శాతం భవిష్యనిధికి కడతారు, ఆ డబ్బుతో ఇంటి వాయిదాలు కట్టుకోవచ్చు. 1989 నుంచి ప్రతి బ్లాకులోనూ చైనీయులు, మలయులు, భారతీయులు ఇంత శాతానికి మించకూడదన్న కోటా ఉంది. ఒక్క జాతివాళ్ళే ఒకచోట గుమిగూడకూడదని. మన ఊళ్ళలో వాడలు ఎలా విడిపోయి ఉంటాయో తెలిసినవాడిని కాబట్టి ఆ నియమం ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఇల్లు అమ్ముకునేటప్పుడు ఈ కోటా వల్ల నష్టపోయేవాళ్ళూ ఉన్నారని మేనల్లుడు అన్నాడు. అది కూడా నిజమే అయ్యుంటుంది. అయినా ఆ లిఫ్టులో మూడు భాషల ముసలమ్మలు కూరగాయల సంచులతో కలిసి ఎక్కడం నేను కళ్ళారా చూశాను.

ఒక రాత్రి కింద ఖాళీ అంతస్తులో బల్లలు, కుర్చీలు వేసి ఉన్నాయి. ఏమిటంటే, వారానికోసారి ఎంపీ వచ్చి కూర్చుంటారట, జనం అర్జీలు చెప్పుకుంటారు. మన సోమవారం ప్రజావాణి లాంటిదే. కాకపోతే కలెక్టరేట్‌కి బస్సెక్కి వెళ్ళనక్కర్లేదు, ఇంటి కిందికే వస్తుంది.

ఇక్కడ మంత్రి జీతం ఏడాదికి పది లక్షల సింగపూర్ డాలర్ల పైమాటే. లంచం అవసరం రాకుండా అంత ఇస్తామంటారు. మేం వెళ్ళడానికి నెల ముందే ఒక మాజీ మంత్రికి కానుకలు పుచ్చుకున్న కేసులో 12 నెలల జైలు పడింది. ఈ రెండో సంగతి నాకు మొదటిదానికన్నా ముఖ్యంగా తోచింది. కానీ 1959 నుంచి ఒకటే పార్టీ పాలన. సభ పెట్టాలంటే పోలీసు అనుమతి. ఇంత చదువుకున్న జనానికి అరుగు మీద కూర్చుని ప్రభుత్వాన్ని తిట్టుకునే స్వేచ్ఛ ఇంకాస్త ఉంటే ఈ దేశం కూలిపోతుందా? అలా అని నేను అనుకోను.

ఆదివారం లిటిల్ ఇండియాకి వెళ్ళాం. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి దగ్గర కలుద్దామని నా పాత విద్యార్థితో ముందే అనుకున్నాను. ఎనిమిదో తరగతిలో మ్యాపులు బాగా గీసేవాడు. నిర్మాణ పనిలో ఉన్నాడు. "సార్, ఎట్లున్నరు, మేడమ్ బాగున్నరా" అంటూ కాళ్ళకు దండం పెట్టాడు. చేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. ఏజెంటుకు మూడు లక్షలు కట్టి వచ్చాడు, ఓవర్‌టైమ్ కలిపి నెలకు వెయ్యి డాలర్లు చేతికొస్తాయి. మొదటి ఏడాది సంపాదనలో చాలాభాగం ఆ అప్పుకే పోయింది. గదిలో పన్నెండు మంది. అతనిది వర్క్ పర్మిట్, భార్యాబిడ్డలను తెచ్చుకునే వీల్లేదు. మా మేనల్లుడికి మాత్రం ఉంది, అతని పాస్ వేరు. ఒకే జిల్లా నుంచి వచ్చిన ఇద్దరికి ఒకే దేశంలో రెండు చట్టాలు.

"పనికి ఎట్ల పోతరురా?" అంటే, "లారీ ఎనక కూసొని సార్" అన్నాడు. అంతకు ముందు రోజే చూశాను. తడిసిన రోడ్డు మీద, పైన రేకు కప్పిన లారీలో, వరసగా నిద్రపోతున్న తలలు. కారు కొనాలంటే ముందు పదేళ్ళ పర్మిట్‌కే లక్ష డాలర్ల దాకా కట్టాల్సిన ఊరది. మెట్రో నిమిషాల లెక్కన వస్తుంది. ఆ ఇళ్ళు, ఆ సొరంగాలు కట్టేవాళ్ళకు సీటు బెల్టు లేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ డార్మిటరీల్లో ఉండేవాళ్ళలో దాదాపు సగం మందికి సోకింది. ఇంత ముందుచూపున్న ప్రభుత్వానికి, తాగునీళ్ళ కోసం మురుగును కూడా శుద్ధి చేసుకునే ప్రభుత్వానికి, ఒక బస్సు ఏర్పాటు చేయడం కష్టమంటే నేను ఒప్పుకోను.

"నీళ్ళు మంచిగుంటయ్ సార్, కరెంటు పోదు, జీతం ఒక్కరోజు లేటు గాదు. గల్ఫ్ కన్నా నయం" అన్నాడు. మా ఊళ్ళవాళ్ళకు దుబాయి, మస్కట్ తెలుసు కాబట్టి ఆ మాట బరువు నాకు తెలుసు. విడిపోయేటప్పుడు వాళ్ళమ్మకిమ్మని నొప్పుల తైలం సీసాలు, ఒక టార్చిలైటు ఉన్న ప్యాకెట్ ఇచ్చాడు.

ఊరికి వచ్చిన వారానికి అది ఇవ్వడానికి వెళ్ళాను. కొడుకు పంపిన డబ్బుతో కట్టిన డాబా రోడ్డు మీదికే కనిపిస్తుంది. గులాబీ రంగు, మెట్లకు స్టీలు రెయిలింగు. తలుపుకు తాళం ఉంది. పక్కనున్న పాత పెంకుటింటి అరుగు మీద ఆమె చింతపండు గింజ తీస్తోంది. కోడలు పిల్లల చదువుకని కరీంనగర్‌లో ఉంటోందట. కొత్త ఇంట్లో ఎందుకుండడం లేదని అడిగాను.

"అంత ఇంట్ల ఒక్కదాన్ని ఎట్ల పండుకోను సార్" అంది. తైలం సీసా మూత తీసి వాసన చూసి, కొంగున కట్టుకుంది.