కాటా దగ్గరి కెమెరా

పొద్దున ఆరున్నరకే మిర్యాలగూడ నుంచి ఫోను వచ్చింది. చేసింది ఒక రైస్ మిల్లు గుమస్తా. కాటా దగ్గర పెట్టిన కెమెరా పగలంతా బాగానే ఉంటుందట, చీకటి పడగానే ఆరిపోతుందట. పది రోజులుగా ఇదే వరస. "సార్ చాలా కోపంగా ఉన్నారు. ఆ నెట్ కేబుల్ పీకేసి పాత లావు కేబులే వేయించమంటున్నారు. మీరు ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు.

ఆ పని చేసింది నేను కాదు, వేరే ఎవరో. అయినా ఫోను పెట్టేశాక కాలు నిలవలేదు. పదిహేనేళ్ళుగా కెమెరాలు బిగిస్తున్నాను. గత ఏడెనిమిదేళ్ళుగా వీలున్న ప్రతిచోటా కోయాక్సియల్ అనే ఆ పాత లావు కేబుల్ మానేసి క్యాట్ 6 అనే నెట్ కేబుల్ వేస్తున్నాను. ఒక మిల్లులో ఆ కేబులుకు చెడ్డపేరు వస్తే సాయంత్రానికల్లా చుట్టుపక్కల మిల్లులన్నిటికీ తెలిసిపోతుంది. అది నాకు బాధ.

మేనల్లుణ్ణి లేపి, కేబుల్ పెట్టె ఒకటి బండికి కట్టుకుని నల్లగొండ నుంచి బయలుదేరేసరికి ఎనిమిదైంది. నవంబరు కదా, సాగర్ ఎడమ కాలువ కింద కోతలు సాగుతున్నాయి. మిర్యాలగూడ దగ్గరయ్యేకొద్దీ ధాన్యం ట్రాక్టర్ల వరస. ట్రాలీల మీద పట్టాలు కప్పుకుని పడుకున్న వాళ్ళు అప్పుడే లేచి ముఖాలు కడుక్కుంటున్నారు. రాత్రంతా వంతు కోసం కాచుకున్నవాళ్ళు.

మిల్లు యజమాని పెద్దాయన. నన్ను చూడగానే టేబుల్ మీద రెండు కేబుల్ ముక్కలు పెట్టారు. ఒకటి పాత త్రీ ప్లస్ వన్ కోయాక్సియల్, అంటే కరెంటుకు మూడు తీగలు, బొమ్మకు ఒకటి కలిపినది, వేలంత లావు. రెండోది నెట్ కేబుల్. "చూడు బాబూ, ఇది తాడులా ఉంది, ఇదేమో దారంలా ఉంది. ఇంత సన్నని తీగలో కెమెరా ఎలా నడుస్తుంది? మొన్న రాత్రి తూకంలో తేడా వచ్చిందని ఒక రైతు గొడవ పడ్డాడు. చూద్దామంటే బొమ్మే లేదు. అతను అబద్ధమాడుతున్నాడని నేను అనలేను, నా గుమస్తా తప్పు చేశాడనీ అనలేను."

ఆ మాట నాకు బాగా తగిలింది. ఆరుగాలం పండించినవాడికి, రాత్రి రెండు గంటలకు నిద్రకళ్ళతో చీటీ రాసే గుమస్తాకు, ఇద్దరికీ సాక్ష్యం ఆ కెమెరా ఒక్కటే. అది సరిగ్గా కావలసిన వేళకు ఆరిపోతోంది.

పగలు బాగుండి రాత్రి పోయే కెమెరా అంటే నా అనుమానం మొదట కరెంటు మీదకే వెళుతుంది. చీకటి పడగానే కెమెరాలోని ఐఆర్ లైట్లు, అంటే చీకట్లో చూడటానికి ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు, వెలుగుతాయి, దాంతో అది లాగే కరెంటు రెట్టింపు దాటుతుంది. నిచ్చెన ఎక్కి కెమెరా దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టాను. ఆఫీసు గదిలో అడాప్టర్ 12 వోల్టులు ఇస్తుంటే ఇక్కడికి చేరుతున్నది 9.2. కెమెరా ముందువైపు అద్దం వెనక వెలుతురును పసిగట్టే చిన్న గింజలాంటి భాగం ఉంటుంది. దాన్ని అరచేత్తో మూశాను. కెమెరా రాత్రి అయిందనుకుంది. ఐఆర్ లైట్లు ఎర్రగా ఒక్క క్షణం మెరిశాయి. మీటరులో అంకె 9 నుంచి జారి 6 దాటి కిందికి పడిపోయింది, లైట్లు ఆరాయి, కెమెరా చచ్చింది. భారం తగ్గగానే మళ్ళీ 9. కెమెరా లేచింది. చెయ్యి అలాగే ఉంచితే మళ్ళీ మెరిసి మళ్ళీ ఆరింది. పట్టపగలు, ఎండలో, నిచ్చెన కింద నిలబడి యజమాని ఆ మెరుపులు స్వయంగా చూశారు. "రాత్రంతా ఇదే జరుగుతోందన్నమాట" అన్నారు నెమ్మదిగా.

అప్పుడు కేబుల్ కొస కోసి చూశాను. పైన కవరు మీద క్యాట్ 6 అని అచ్చు ఉంది. లోపలి తీగ చూడటానికి రాగిలాగే ఎర్రగా ఉంది. కత్తితో గీరితే తెల్లటి లోహం బయటపడింది. అల్యూమినియం మీద రాగి పూత. మేనల్లుడి చేతికిచ్చి వంచమన్నాను. నాలుగైదు సార్లకే పుటుక్కుమంది. అదే మందం ఉన్న అసలు రాగి తీగతో పోలిస్తే ఇది కరెంటుకు ఒకటిన్నర రెట్లకు పైగా అడ్డుపడుతుంది. పైగా వేసినవాళ్ళు కరెంటుకు ఒక్క జతే వాడారు. లోపల నాలుగు జతలున్నాయి. ఒకటి బొమ్మకు, ఒకటి కరెంటుకు పోగా మిగిలిన రెండు జతలను కత్తిరించి వదిలేశారు. ఆఫీసు నుంచి కాటాకు 70 మీటర్లు. ఆ సన్నని ఒక్క జత అంత దూరం కెమెరా ఆకలిని మోయలేదు.

యజమానికి లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఇప్పుడున్న జతలో పోనూ రానూ అడ్డంకి దాదాపు 19 ఓములు. రాత్రి కెమెరాకు 0.35 ఆంపియర్లు కావాలి. గుణిస్తే ఆరున్నర వోల్టులకు పైగా దారిలోనే పోతున్నాయి. అసలు రాగి క్యాట్ 6లో మూడు జతలను కలిపి కరెంటుకు వాడితే అడ్డంకి 3 ఓముల పైచిలుకు. పోయేది ఒక వోల్టు చిల్లర. ఆయన జీవితమంతా క్వింటాళ్ళూ తరుగులూ లెక్క కట్టినవారు. కాగితం రెండుసార్లు చూసి, "తప్పు కేబులు రకానిది కాదు, సరుకుది" అని తనే అన్నారు. కెమెరాకూ, బొమ్మను రికార్డు చేసే డీవీఆర్‌కూ బేరం లేకుండా డబ్బు పెట్టేవాళ్ళు గోడలో కనిపించకుండా పోయే తీగ దగ్గరకు వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకుంటారు. ఇక్కడా అదే జరిగింది. ఆయన్ను అడగకుండానే ఎవరో ఆయన తరఫున పొదుపు చేశారు.

కానీ ఆయనకు ఇంకో సందేహం మిగిలింది. "పాత కేబులుకు చుట్టూ జల్లెడలాంటి కవచం ఉండేది. దీనికి ఏమీ లేదు. ఇన్ని మోటార్ల మధ్య బొమ్మ చెడదా?" ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు ఇష్టం.

మిల్లు ఆవరణలో ఒక హమాలీ జనుముతో తాడు పేనుతున్నాడు. ఆ రెండు పాయలను చూపించాను. నెట్ కేబులులోనూ ప్రతి జతా ఇలాగే మెలిపడి ఉంటుంది. మోటారు నుంచి వచ్చే అలజడి రెండు తీగలనూ సమానంగా తాకుతుంది, ఎందుకంటే అవి అడుగడుగునా చోటు మార్చుకుంటూ వెళతాయి. చివర బిగించే బాలన్ అనే చిన్న పరికరం ఆ రెండు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. రెంటిలోనూ సమానంగా ఉన్న అలజడి కొట్టుకుపోతుంది, తేడాగా పంపిన బొమ్మ నిలుస్తుంది. కోయాక్సియల్ బయటి అలజడిని కవచంతో ఆపుతుంది, ఇది జంటగా నడిచి రద్దు చేసుకుంటుంది. ఒక్కో జత మెలిక బిగువు కూడా ఒక్కో రకంగా ఉంటుంది, పక్క జత మాటలు దీనికి వినబడకుండా. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ మెలి తిప్పిన జతకు పేటెంటు తీసుకున్నది 1881లో. అంతకు ముందు ఏడాదే ఆలివర్ హెవిసైడ్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులో కోయాక్సియల్‌కు తీసుకున్నాడు. అంటే ఈ రెండూ ఇంచుమించు ఒక ఈడువే. నూట నలభై ఏళ్ళు దాటినా ఈ రోజు ఈ మిల్లులో ఆ రెండు ఆలోచనలే నా చేతిలో ఉన్నాయి. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా ఈ పని మీద నాకు గౌరవం పెరుగుతుంది.

డ్రయ్యర్ దగ్గర కెమెరా ఇంకా పాత కోయాక్సియల్ మీదే ఉంది. దాని బొమ్మలో మందపాటి చారలు కింది నుంచి పైకి నెమ్మదిగా పాకుతున్నాయి. కెమెరా బిగించిన ఇనుప స్తంభానికి ఒక ఎర్తు, ఆఫీసులో డీవీఆర్‌కు ఇంకో ఎర్తు. ఆ రెంటికీ ఉన్న తేడా కేబుల్ కవచం గుండా ప్రవహించి బొమ్మ మీదకు వస్తోంది. కాపలాగా పెట్టిన కవచమే దొంగకు దారి అయింది. కెమెరా కింద ప్లాస్టిక్ పెట్టె బిగించి, ఇనుముకు తగలకుండా చేశాం. చారలు పోయాయి. పావుగంట పని.

మధ్యాహ్నం నుంచి కొత్త కేబుల్ లాగడం. ముందు వేసినవాళ్ళు తమ నెట్ కేబులును మోటారు కేబులుతో కలిపి ఒకే పైపులో తోశారు. మెలికకు ఎంత శక్తి ఉన్నా అలా చేయకూడదు. వేరే పైపు తీసుకుని, మోటారు లైనుకు రెండడుగుల ఎడంగా గోడ వెంట తీసుకెళ్ళాం. దాటక తప్పని ఒక్కచోట అడ్డంగా, నిటారు కోణంలో దాటించాం. ఊక దుమ్ము కళ్ళలో, జుట్టులో, టీ గ్లాసులో. ఎలుకలు కొరక్కుండా పైపు మూతులు మూశాం. కెమెరా పెట్టెలోకి వెళ్ళేముందు కేబులును కిందికి ఒక వంపు తిప్పి వదిలాం, వాననీరు అక్కడే కారిపోవడానికి.

కొసలు కట్టే పని మేనల్లుడికి ఇచ్చాను. పంతొమ్మిదేళ్ళవాడు, చేతులు చురుకు. బాలన్‌లో పెట్టడానికి నీలం జతను తొందరలో మూడు అంగుళాల మేర విప్పేశాడు. ఆపాను. "అంత విప్పకూడదు. అరంగుళం చాలు. విప్పిన చోట అది ఉత్త తీగ అయిపోతుంది." వాడు కోసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి బొటనవేలితో మెలికను నొక్కి పట్టుకుని కొసలు మాత్రమే విడదీశాడు. నీలం జత బొమ్మకు. నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగు తీగలు మూడూ కలిపి ప్లస్సుకు, వాటి తెల్ల చారల జోడీలు మూడూ కలిపి మైనసుకు. "మామయ్యా, రేపు ఐపీ కెమెరా పెడితే ఈ తీగలన్నీ మళ్ళీ మార్చాలా?" అని అడిగాడు. ఐపీ కెమెరా అంటే కంప్యూటర్ నెట్‌వర్కు మీద బొమ్మ పంపేది. కేబుల్ కదపక్కరలేదు, రెండు కొసల్లో బాలన్లు తీసి ప్లగ్గులు కొడితే చాలని చెప్పాను. అప్పుడు బొమ్మా కరెంటూ రెండూ ఒకే నెట్ కేబుల్ మీద నడుస్తాయి, కరెంటు పీవోఈ స్విచ్ అనే పెట్టె నుంచే వస్తుంది. అది 48 వోల్టుల దగ్గర పంపుతుంది కాబట్టి అదే కెమెరాకు ఆంపియర్లు నాలుగో వంతు సరిపోతాయి, దారిలో పోయేదీ తక్కువే. కోయాక్సియల్ వేసిన చోట ఇంత సులువుగా కుదరదు. నేను కేబుల్ మార్చుకోవడానికి అసలు కారణం ఇదే.

ఐదు ముప్పావుకు పొద్దు వాలింది. యజమాని, గుమస్తా ఆఫీసులో తెర ముందు కూర్చున్నారు. నేను నిచ్చెన మీద మీటరు పట్టుకుని నిలబడ్డాను. వెలుతురు తగ్గింది, బొమ్మ రంగు మారి నలుపు తెలుపైంది, ఐఆర్ లైట్లు ఎర్రగా వెలిగి అలాగే ఉండిపోయాయి. మీటరులో 10.9. ఐదు నిమిషాలు చూశాను, అంకె కదల్లేదు. అప్పుడే ఒక ట్రాక్టరు కాటా ఎక్కింది. "నంబరు కనిపిస్తోంది, ట్రాలీ మీద బస్తాలు కూడా లెక్కపెట్టొచ్చు" అని గుమస్తా లోపలి నుంచి కేక వేశాడు. ట్రాక్టరు రైతు పైకి చూసి, "పనిచేస్తోందా అన్నా?" అని అడిగాడు. పనిచేస్తోందన్నాను.

బయలుదేరబోతుంటే యజమాని పిలిచారు. మిగతా ఏడు కెమెరాలకు కూడా ఇలాగే వేస్తే ఎంత కేబుల్ పడుతుందో చెప్పి వెళ్ళమన్నారు. టార్చి పట్టుకుని ఆవరణంతా టేపుతో కొలిచాం. మేనల్లుడు కాటా చీటీ వెనక రాసుకున్నాడు. డ్రయ్యర్ 55. బాయిలర్ 62. గోదాము 80. గేటు 140. చివరి అంకె దగ్గర ఆగి నా వైపు చూశాడు. ఐపీ కెమెరాకు ఒక కేబుల్ హద్దు 100 మీటర్లని వాడికి తెలుసు. గేటుకు ఇవతల యాభై మీటర్ల దూరంలో వాచ్‌మన్ గది ఉంది, అక్కడ కరెంటు ఉంది. "స్విచ్ అక్కడ పెడదాం" అన్నాడు వాడే, నేను చెప్పకముందే.